ఊటనీళ్ళ సాక్ష్యం

గవ్వలదీవికి పౌరప్రభుత్వం నీళ్ళ ఓడలో వచ్చింది. ఆ దారిన వచ్చే ఓడ అదొక్కటే మరి. తాతల కాలంలో నావికాదళం వాళ్ళు పెద్దనేల నుంచి కొన్ని జాలరి కుటుంబాలను తెచ్చి ఈ దీవిలో దించారు. వాళ్ళ చేత రేవు కట్టించుకున్నారు, కాపలా బురుజు కట్టించుకున్నారు, ఆ తర్వాత వాళ్ళనే మరిచిపోయారు. అప్పటినుంచీ కమాండెంటు నోటి మాటే శాసనం. ఆయన దఫ్తరంలో కోళ్ళ లెక్క ఉంది, కిరసనాయిలు పీపాల లెక్క ఉంది. పుట్టిన మనిషి లెక్క మాత్రం ఎవరూ రాయలేదు.

ఇన్నాళ్ళకు సమాఖ్య పార్లమెంటుకు కనికరం కలిగి ఒక చట్టం చేసింది. సైనిక పాలన పోతుంది. దీవి జనం తమ సభను తామే ఎన్నుకుంటారు. సమాఖ్య పౌరులవుతారు. తాము కట్టుకున్న ఇల్లు తమదేనని చెప్పుకోవచ్చు. మెలిక ఒక్కటే. ఇవన్నీ దీవిలోనే పుట్టి పెరిగినవాళ్ళకు మాత్రమే.

ఆ మెలిక విప్పే యంత్రం నూకరత్నం భుజానికి వేలాడుతున్న సంచీలో ఉంది. ఓడ రేవుకు దగ్గరవుతుంటే ఆమె కమ్మీ పట్టుకుని ముందుకు వంగింది. ఈ దీవి నుంచి పెద్దనేలకు పోయి చదువుకున్న మొదటి మనిషి ఆమె. ఆ తర్వాత ఇంకెవరినీ పోనివ్వలేదు కాబట్టి చివరి మనిషీ ఆమే. సూరాడ వారి పిల్ల ఇప్పుడు డాక్టర్ నూకరత్నం, శాస్త్రవేత్త. చంటిబిడ్డగా ఉన్నప్పుడే తండ్రిని పట్టుకుపోయారు. దీవికి పౌరపాలన కావాలని రేవులో కేకలేసినందుకు పెద్దనేల జైలులో పెడితే ఆయన మళ్ళీ తిరిగి రాలేదు. ఆయన అడిగింది ఇవాళ కూతురు తెస్తోంది. గర్వపడిందంటే పడదా మరి?

రేవులో డప్పులు మోగాయి. ఊరి పెద్ద కూర్మయ్య, రత్నానికి స్వయానా మేనమామ, కొబ్బరిచిప్ప గరిటె పట్టుకుని ఎదురొచ్చాడు. దీవికి ఎవరొచ్చినా ముందు ఊటనీళ్ళు పోయాలి. రత్నం దాహంతో దోసిలి పట్టబోయింది.

“నీకేటి తొందర గుంటా? ముందుగాల పైఊరాయనకి పొయ్యాల. మనోళ్ళు ఆనక తాగుతారు” అని నవ్వుతూ ఆమె చేతులు పక్కకు తోసి, వెనక వస్తున్న సుధీంద్రకు పోశాడు. సుధీంద్ర రత్నం పనిచేసే పరిశోధనశాలకు డైరెక్టరు. ఎవరు దీవివాళ్ళో ఎవరు కారో తేల్చి సంతకం పెట్టే అధికారం చట్టం ఆయనకు ఇచ్చింది.

రత్నం తల్లి అసిరమ్మ అందరికంటే వెనక, వలలు ఆరేసిన దడి పక్కన నిలబడి ఉంది. పెద్దనేలలో ఎంత పట్నపు మాట మాట్లాడినా తల్లిని చూడగానే రత్నానికి నోరు ఊరి దారి పట్టింది.

“ఏటే అమ్మా, ఎనకాలే ఉండిపోనావు?”

“ఎండ” అంది అసిరమ్మ. ఆకాశం నిండా మబ్బే ఉంది. కూతురి సంచీ వైపు చూసి అడిగింది. “ఆ పళ్ళబేటరీ అందరి నోట్లోనూ పెడతారేటి?”

“అందరికీనే. నీక్కూడా.”

“నీ నోట్లో?”

“ముందు పెట్టింది నా నోట్లోనే గదా. పచ్చదీపం ఎలిగింది. దాన్ని సూసే చట్టం సేసినారు.”

అసిరమ్మ కూతురి తలమీద చెయ్యి పెట్టబోయి, మధ్యలోనే ఆపి, కొంగు సర్దుకుంది. ప్రయాణం బడలికలో రత్నం అది గమనించలేదు.

పళ్ళబేటరీకి పరిశోధనశాలలో పెద్ద పేరే ఉంది గాని, చేతి టార్చిలైటులా ఉంటుంది కాబట్టి దీవివాళ్ళు పెట్టిన పేరే దానికి నప్పింది. అది పనిచేయడం మొదలుపెట్టిన కొత్తలో ఒకరోజు రత్నం దాని వెలుగును సుధీంద్ర దవడపళ్ళ మీదకు తిప్పి, తెరమీద గీతలు చూసి అంది.

“మీరు పుట్టింది నల్లరేగడి నేల మీద సార్. నడక వచ్చిన కొత్తలో కొండ ఊటల ప్రాంతానికి మారారు. బడికెళ్ళే వేళకు మళ్ళీ రేగడికే వచ్చేశారు.”

సుధీంద్ర నోరు మూయడం మరిచిపోయాడు. “మా నాన్నగారికి బదిలీ అయింది. నాకే గుర్తులేదు రత్నం, మా అమ్మ చెప్పేది.”

“మీకు గుర్తులేకపోయినా దీనికి ఉంది” అంది రత్నం.

పెద్దపళ్ళు పసితనంలోనే చిగురు లోపల తయారవుతాయి. అప్పుడు తాగిన నీళ్ళలో ఏ రాతి గుణం ఉంటే అది వాటిలో గట్టిపడిపోతుంది. ఎముక అరిగి మళ్ళీ కట్టుకుంటుంది, తోలు ఊడి మళ్ళీ వస్తుంది, మనిషి మాట మార్చేస్తాడు. పన్ను మారదు. గవ్వలదీవి ఊట గుల్లరాయిలోంచి వస్తుంది. ఆ గుణం ఇంకే నేల నీటిలోనూ లేదు. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు రత్నం ఒక సీసాడు ఊటనీళ్ళు దాచి పట్టుకెళ్ళి, తన పన్నుతో పోల్చి చూసుకుంది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

పార్లమెంటు సంఘం ముందు ఒక ముసలి సభ్యుడు గట్టిగానే అడ్డుపడ్డాడు. పుట్టుక లెక్కలు లేని జనాన్ని పౌరులంటే, రేపు దొంగసరుకు పడవలవాళ్ళు కూడా దీవివాళ్ళమే అంటారు, అప్పుడేం చేస్తారు? రత్నం లేచి వెళ్ళి ఆయన ఎదుటే బేటరీ తన పన్నుకు ఆనించుకుంది. పచ్చదీపం వెలిగింది. ఆయన పన్నుకు ఆనిస్తే ఎర్రదీపం వెలిగింది. సభ్యులంతా నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. చట్టంలో ఆ మాట అక్కడికక్కడే చేరింది. మొదటి దవడపన్ను, పచ్చదీపం. పన్ను ఏదో కూడా రత్నమే సూచించింది. అది పుట్టుకతోనే గట్టిపడటం మొదలవుతుంది కాబట్టి ఏ దొంగా మోసం చేయలేడని.

ఆ సాయంత్రం సుధీంద్ర ఒక మాట అన్నాడు. “ఒక్క పన్నును చూసి చట్టం చేయిస్తున్నాం. ఇంకో నలుగురివి చూస్తే బాగుండదూ?”

“కమాండెంటు ఒక్క పన్ను నమూనా కూడా దీవి దాటనివ్వడు సార్. ఎన్నిసార్లు రాయలేదు? అయినా మా దీవి మొత్తానికి ఉన్నది ఒక్కటే ఊట.”

ఇక్కడ దీవి ఆచారం ఒకటి చెప్పుకోవాలి. మొదటి తరంలో పసిపిల్లలు ఊటనీళ్ళు పడక చాలామంది పోయారట. అప్పుడు పెద్దలు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పాలపళ్ళు రాలి పెద్దపళ్ళు వచ్చేదాకా పిల్లల నోట్లోకి ఊట చుక్క పోకూడదు. నీళ్ళ ఓడ అధికారుల కోసం తెచ్చే పెద్దనేల నీళ్ళలో పిల్లలున్న ఇంటికి ఒక టిన్ను ఇచ్చేవారు. తాగుడూ వంటా అన్నీ పిల్లలకు ఆ నీళ్ళతోనే. అందాకా ఆ పిల్ల ఓడబిడ్డ. పళ్ళు వచ్చాక ఊరంతా ఊట దగ్గర చేరి, ఊరి పెద్ద చేతి మీదుగా దోసెడు నీళ్ళు తాగించి, ఇంటిపేరు పెట్టి పిలుస్తారు. ఆ రోజుతో ఊటబిడ్డ. పడవలో వాటా, పండగలో చోటు, చచ్చాక దీవిలో మట్టి, అన్నీ ఆ దోసెడు నీళ్ళతోనే వస్తాయి. గడువుకు ముందు ఊట తాగిన పిల్లకు ఇవేవీ లేవు. పోయిన పసిబిడ్డల మీద పెట్టుకున్న ఒట్టు అది.

ఇదంతా రత్నానికి తెలియదా అంటే బాగా తెలుసు. తాను కూడా ఓడబిడ్డగానే పెరిగింది, ఊరంతా చూస్తుండగా మేనమామ చేతి నీళ్ళు తాగింది. కానీ తన పన్నులో ఊట గుర్తు నిండా ఉంది. అంటే కట్టుబాటు పేరుకే ఉందన్నమాట, ఆటల్లో దాహమేస్తే నడక వచ్చిన పిల్లలు ఊటలో నోరు పెట్టకుండా ఉంటారా అనుకుంది. అలా ఆచారాన్ని కొట్టిపారేసి యంత్రాన్ని నమ్మింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆమె రచ్చ గెలిచి ఇంటికి వచ్చింది.

మర్నాడు పొద్దున ఊట పక్కనున్న వలలపాకలో బల్ల వేశారు. నిన్నటిదాకా కమాండెంటుగా ఉన్నాయన ఖాకీ విప్పి తెల్లచొక్కా తొడుక్కుని, పాలనా సలహాదారుగా అదే కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. కూర్మయ్య కొత్త పంచె కట్టుకుని అందరికంటే ముందు వచ్చాడు.

“నా పళ్ళు సూడు గుంటా. సొరసేప పళ్ళంత గట్టివి.”

రత్నం బేటరీ ఆనించింది. ఎర్రదీపం వెలిగింది.

జనం నవ్వారు. “పొగాకు మరక” అన్నారెవరో. కూర్మయ్య వెళ్ళి బొగ్గుతో తోముకుని వచ్చాడు. మళ్ళీ ఎరుపే. ఆయన తర్వాత ఆయన భార్య, కొడుకులు, పక్కింటివాళ్ళు, ఆ పక్కవాళ్ళు. ఎరుపు, ఎరుపు, ఎరుపు. నవ్వులు తగ్గిపోయాయి. వరసలో వెనకున్నవాళ్ళు ముందుకు రావడానికి జంకారు. ఒక్కొక్క ఎర్రదీపం వెలిగినప్పుడల్లా ఆ మనిషి ఇల్లు, చెట్టు, పడవ కట్టే గుంజ అతని చేతుల్లోంచి జారిపోతున్నాయని రత్నానికి తెలుసు.

“యంత్రం చెడిందేమో. మీ పన్ను మీద చూడండి” అన్నాడు సుధీంద్ర.

రత్నం అందరి ఎదుటా బేటరీ నోట్లో పెట్టుకుంది. పచ్చదీపం చక్కగా వెలిగింది.

“అమ్మయ్య, యంత్రం బాగానే ఉంది” అన్నాడు సుధీంద్ర. పాపం, ఆయనకేం తెలుసు? ముసలివాళ్ళు ముందుగా గ్రహించారు. ఎరుపంటే కట్టుబాటు నిలబెట్టిన ఇల్లని, పచ్చంటే తప్పిన ఇల్లని వాళ్ళకు ఒక్కసారిగా అర్థమైంది. కూర్మయ్య రత్నాన్ని చూడలేదు. చెల్లెలివైపు తిరిగాడు.

“ఏటే అసిరీ?”

అసిరమ్మ పాక గుంజ పట్టుకుని నిలబడింది. ఏడవలేదు.

“నానే పట్టినాను. దీని అయ్యని అట్టుకుపోయినాక మా ఇంటికి టిన్ను ఆపేసినారు. ఎవులైనా తమ వాటాలోది ఇత్తే ఆళ్ళకీ ఆపేత్తామన్నారు. పిల్లకి నోరెండిపోతంది. నాను ఏటి సెయ్యను? ఊటనీళ్ళే కాసి, సల్లార్చి, గుడ్డలో వడగట్టి పట్టినాను.”

“దొరగారింటి వంటోడు ఓడనీళ్ళు ఇత్తన్నాడని సెప్పినావు గదే” అంది ఆడవాళ్ళలోంచి ఒకామె.

“సెప్పినాను. ఆ వంటోడితో నన్ను కలిపి మీరు అనని మాట నేదు. అన్నీ పడ్డాను. నిజం సెప్తే నా పిల్లకి ఇంటిపేరు రాదు. ఆ మాటలు నాను పడితే దానికి ఇంటిపేరు వొత్తాది.”

తెల్లచొక్కా సలహాదారు ఈ మాటలకు ఏమీ చలించలేదు. టిన్ను ఆపించింది ఆయనకు ముందెప్పుడో పనిచేసిన కమాండెంటు. కుర్చీకి జ్ఞాపకం ఉండదు.

రత్నానికి అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఒక్క మాట, ఒక్క మాట ముందు చెప్పి ఉంటే! ఆ వెంటనే, మండే ఎండలో దొరల బట్టలుతికి వచ్చి, నిందలు మోసి, తలుపేసుకుని కుండలో నీళ్ళు కాచిన మనిషి కళ్ళముందు కనబడి గుండె చెరువైపోయింది. తన లెక్కలో తప్పు ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది. పెద్దనేల శాస్త్రవేత్త ఎవరైనా అయితే, ఈ ఆచారం సంగతి వినగానే, ఈ మనిషి తల్లి నియమం తప్పిందేమో కనుక్కోండి అని అడిగి ఉండేవాడు. తనకు ఆ అనుమానం కలలో కూడా రాలేదు. దీవిలో పుట్టినవాళ్ళెవరికీ రాదు.

ఆమె సుధీంద్రను పాక వెనక్కి తీసుకుపోయింది. “సార్, జ్ఞానదంతం చూద్దాం. అది ఆలస్యంగా గట్టిపడుతుంది. అప్పటికి వీళ్ళంతా ఊట తాగుతున్నారు. అందరికీ పచ్చ వస్తుంది.”

“పదేళ్ళప్పుడు వలస వచ్చినవాడికి కూడా పచ్చే వస్తుంది కదా? పుట్టి పెరిగినవాళ్ళకే అని చట్టం. మొదటి దవడపన్ను అని అందులో ఉంది. ఆ మాట రాయించింది మీరే రత్నం.”

“తప్పు నాది సార్. శిక్ష వాళ్ళకా?”

“వచ్చే సమావేశాల్లో సవరణ అడుగుదాం. అందాకా వీళ్ళను ఎవరూ వెళ్ళగొట్టరు. అతిథి నివాసులుగా ఉంటారు. మాట మర్యాదగానే ఉంది కదా.” ఆయన చెడ్డవాడు కాదు. నొచ్చుకుంటూనే చెప్పాడు. “ఒక సంగతి మాత్రం ఆలోచించుకోండి. సవరణ అడగాలన్నా స్థానిక పౌరులు ఒక్కరైనా ఉండాలి. మీరు ప్రమాణం చేయకపోతే దీవికి పౌరులే లేరని రాసి, చట్టాన్ని మడిచి పెట్టేస్తారు. పాత పాలనే ఉంటుంది.”

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి చేతికి గంట ఇచ్చింది రత్నమే. ఎవరిని తిడుతుంది?

పాకలోకి వస్తుంటే చంటిబిడ్డను ఎత్తుకున్న ఒక పడుచు ఎదురైంది. కూర్మయ్య కూతురు, రత్నానికి వదిన వరస.

“దళం ఎలిపోతే నీళ్ళ ఓడ ఇంక రాదంట గదా వదినా. నా ఓడబిడ్డకి ఏటి పట్టీది?”

“ఊటనీళ్ళే పట్టు వదినా. కాసి పడితే ఏటీ అవ్వదు. నాకేటైనా అయిందేటి?” రత్నం ఆశగా చెప్పింది. “పెద్దయ్యాక ఈడికి పచ్చదీపం వొత్తాది. పౌరుడవుతాడు.”

ఆ పిల్ల బిడ్డ మూతిని కొంగుతో కప్పి రెండడుగులు వెనక్కి వేసి, వెళ్ళిపోయింది. పచ్చదీపం కోసం తన బిడ్డకు ఇంటిపేరు లేకుండా చేసుకోమని ఏ తల్లికి చెబుతారు?

మధ్యాహ్నం రేవులో సమాఖ్య జెండా ఎగరేశారు. డప్పులవాళ్ళు రాలేదు. రత్నం ప్రమాణం చేసింది. తండ్రి ఏ రాతిమీద నిలబడి కేకలేశాడని అమ్మ చెప్పేదో ఆ రాతిపక్కనే నిలబడి చేసింది. సుధీంద్ర చదివి వినిపించాడు. సూరాడ నూకరత్నం, గవ్వలదీవి స్థానిక పౌరురాలు. సభను ఎన్నుకునే హక్కు గల మనిషీ ఆమే, సభలో కూర్చోవలసిన మనిషీ ఆమే. సలహాదారు ఒక్కడే చప్పట్లు కొట్టాడు. ఇంతకంటే తేలికగా ఏలడానికి ఏ సభ దొరుకుతుంది ఆయనకు?

సూరాడ అన్న మాట వినబడగానే జనంలో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు తలలు దించుకోవడం రత్నం చూసింది. తిట్టినా బాగుండుననుకుంది. అసిరమ్మ ఎక్కడా లేదు. ఇంటి తలుపు వేసుకుందని ఎవరో చెప్పారు. పచ్చదీపం గల కూతురికి తల్లి అయినా, ఆమె పన్ను కూడా ఎరుపే. చిన్నప్పుడు ఆమెను కన్నవాళ్ళు కట్టుబాటు తప్పలేదు. కూతురు పౌరురాలిగా ఉన్న దీవిలో ఆమె ఇప్పుడు అతిథి.

రత్నం ఊట దగ్గరికి నడిచింది. పొద్దుటినుంచి చుక్క తాగలేదు, గొంతు పిడచగట్టుకుపోయింది. అంతకంటే కూడా, మేనమామ చేతి నీళ్ళు తాగితే మళ్ళీ మామూలైపోతుందని పసిపిల్లకు ఉండేలాంటి ఒక ఆశ. ఊట చుట్టూ జనం గుంపుగా కూర్చుని ఉన్నారు. ఆమెను చూసి దారి ఇచ్చారు. ఎవరి మొహంలోనూ కోపం లేదు.

సుధీంద్ర కూడా దాహమేసి ఆమె వెనకే వచ్చి నిలబడ్డాడు. కూర్మయ్య లేచాడు. కొబ్బరిచిప్ప గరిటె ఊటలో ముంచాడు. ఆ చేతితోనే ఒకనాడు, తాగవే సూరాడ పిల్లా అని రత్నం నోట్లో దోసెడు నీళ్ళు పోసి ఊరికి చూపించాడు. నిన్న రేవులో, నీకేటి తొందర గుంటా అని ఆమె చేతులు పక్కకు తోశాడు.

“మావా” అంది రత్నం. “నానేటి సేసినానో నాకు తెలుసు. సరిదిద్దుతాను. సవరణ తెత్తాను.”

కూర్మయ్య తల ఊపాడు. గరిటె చుక్క తొణక్కుండా రెండు చేతులతో పట్టుకుని, పెద్దనేల నుంచి వచ్చే అధికారుల ముందు వంగినట్టు కొంచెం వంగాడు.

“తాగండమ్మా” అన్నాడు. “మా ఊటకాడ ముందుగాల పైఊరోళ్ళకి పోత్తాం.”

రత్నం దోసిలి పట్టింది.